నీలం మూత సీసా

మార్త చేతులు కడుక్కుంటున్నంతసేపూ అరుణాదేవి అద్దం ఇవతల నిలబడి లెక్కపెట్టింది. అరచేతులు, వేళ్ల సందులు, బొటనవేళ్లు, గోళ్ల కింద, మణికట్లు. ముప్పై దాకా వచ్చింది. ఎక్కడా తప్పు లేదు. తప్పు లేకపోవడమే ఆమెకు నచ్చలేదు. ఎవరూ చూడడం లేదనుకున్న మనిషి ముప్పై దాకా ఎందుకు కడుగుతుంది? తాను చూస్తున్నట్టు మార్తకు తెలుసన్నమాట.

మార్త చేతులు గాలికి ఆరబెట్టుకుంటూ, రెండు మోచేతులతో తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది. పద్నాలుగేళ్లుగా ఆ ఆస్పత్రిలో ఆయా. హెడ్ సిస్టర్ అరుణాదేవి వచ్చి పదకొండేళ్లు. ఆ మూడేళ్ల తేడా అరుణాదేవికి అప్పుడప్పుడు గుర్తొచ్చేది.

ఆస్పత్రి తాండూరు బస్టాండు వెనక వీధిలో ఉంది. కింద కాన్పుల గది, పైన నెలలు నిండని పిల్లల గది. ఎనిమిది గాజు బాక్సులు, లోపలి తలుపుకు ముందు అద్దాల అరలో ఒక సింకు, తాళం వేసిన ఒక ఇనప బీరువా. కిటికీలు ఎప్పుడూ మూసే ఉంటాయి. అయినా బండల పాలిషింగ్ యూనిట్ల నుంచి వచ్చే తెల్లటి దుమ్ము రాత్రికి రాత్రి కిటికీ అంచున గీత గీసినట్టు పేరుకునేది. పొద్దున రాగానే తడిబట్టతో ఆ గీత తుడిచేది అరుణాదేవే. ఇంకొకరు తుడిస్తే మూలల్లో మిగులుతుంది.

తొమ్మిది రోజుల్లో జబ్బుపడ్డ మూడో బిడ్డ ఇది. మొదట చించోళి దిక్కు నుంచి వచ్చిన కిష్టప్ప కొడుకు. పాలు పీల్చడం మానేశాడు, పొట్ట ఉబ్బింది, నాలుగో రోజు పోయాడు. రెండో పిల్లవాణ్ని అంబులెన్సులో హైదరాబాద్ పంపారు. ఇంకా కబురు లేదు. ఇప్పుడు నాగరాణి కూతురు. పదహారు వందల గ్రాములు. మూడు రోజుల కిందటి దాకా, ముక్కున్న పాలాడె గిన్నెతో పోస్తే గుటకలు వేసింది. అప్పటి నుంచి పాలు పెదవి చివరి నుంచి కారిపోతున్నాయి.

డాక్టర్ మహిధర్ రక్తపరీక్ష కాగితం బల్ల మీద ఆమె వైపు తిప్పాడు. పద్నాలుగు మందుల పేర్లు. పన్నెండింటి ఎదురుగా ఒకే అక్షరం. ఆ మందు ఈ క్రిమిని ఏమీ చేయలేదని దానర్థం. మిగిలిన రెండింటిలో ఒకటి మూత్రపిండాల మీద దెబ్బకొట్టేది.

"ముగ్గురిల ఒకటే క్రిమి సిస్టర్. అంటే ఎక్కడో ఒక్కతాన ఉన్నది. అక్కడి నుంచే వస్తున్నది."

"బయటికెల్లి వచ్చింది సార్."

"ఎట్ల చెప్తరు?"

"లోపల నేనున్న గద సార్."

అతను కాగితం మడిచాడు. పదకొండేళ్లలో ఆమె చేతి కింద ఇలాంటిది జరగలేదు.

అరుణాదేవి తన చిన్న నోటుపుస్తకం తీసి పేజీ మధ్యలో ఒక గీత గీసింది. గీతకు ఎడమ పక్క మనుషులు, కుడి పక్క వాళ్లు ముట్టుకునేవి. మొదటి పేరు రాయడానికి ఆలోచించాల్సిన పని లేకపోయింది.

*

సింకు పక్కన ఉండే నీలం మూత సీసా ఆమెది. అంటే ఆస్పత్రిదే, కానీ దాని బాధ్యత ఆమెది. పోయిన ఏప్రిల్‌లో ఆయాలు చేతుల సబ్బులో కుళాయి నీళ్లు కలుపుతున్నారని పట్టుకుంది. ఆ రోజు నుంచి సబ్బు డబ్బా బీరువాలోకి వెళ్లింది, చావి ఆమె నడుముకు చేరింది. రోజూ పొద్దున తొమ్మిదింటికి సీసా మూత తీసి, ఎంత తగ్గితే అంత పోసేది. మరీ చిక్కగా ఉంటే వేళ్ల సందుల్లోకి పోదని, స్టీలు గిన్నెలో తానే కాచి చల్లార్చిన నీళ్లు కొంచెం కలిపేది. కుళాయి నీళ్లు కాదు, కాచినవి. డాక్టర్లు రాసుకునే స్పిరిట్ మందు తలుపు దగ్గర ఉండేది గానీ, దానితో చేతులు పగులుతాయని, మురికి కూడా పోదని ఆమె నమ్మకం. ఆమె గదిలో సబ్బే నియమం.

సీసాలో సబ్బు సగానికి దిగడం ఎవరూ చూడలేదు. నవాబుపేటలో వాళ్లమ్మ ఉప్పు జాడీకి, పసుపు డబ్బాకి, బియ్యం గుమ్మికి అడుగు కనిపించనిచ్చేది కాదు. ఇంకా నాలుగు పిడికెళ్లు ఉండగానే పైన కొత్తది పోసేది. నిండుగా ఉన్న ఇల్లు అంటే అదేనని అరుణాదేవి ఒంట్లో ఎప్పుడో ఇంకిపోయింది. అందుకని సీసా ఎప్పుడూ నిండుగా ఉండేది. దాన్ని చూస్తే ఆమెకు మనసు కుదుటపడేది. ఈ గదిలో అనుమానించనక్కర్లేనిది అదొక్కటే.

*

మంగళవారం తల్లులు పిల్లల్ని రొమ్ముకు ఆనించుకుని పడుకోబెట్టుకునే గంటలో, నాగరాణి కూతురి కాలి మడమ దగ్గర నల్లటి పోగు కనిపించింది. అరుణాదేవి గుడ్డ పక్కకు జరిపింది. గొంగడి ఉన్ని. రెండు ముళ్లు.

"ఇదేంది?"

నాగరాణి పందొమ్మిదేళ్ల పిల్ల. పాప తలకు గడ్డం ఆనించి, కళ్లెత్తి చూసింది. "మా అమ్మ ఇచ్చింది సిస్టర్. భయం పోతదని."

"ఎవలకు భయం? పాపకా, మీ అమ్మకా?"

కత్తెర తెచ్చి పోగు కత్తిరించి, కవరులో వేసి, నోటుపుస్తకంలో పెట్టుకుంది. పాపను బాక్సులో పడుకోబెట్టి, తాను మళ్లీ చెప్పేదాకా తల్లి పాపను ఎత్తుకోవద్దంది. నాగరాణి చేతులు ఒళ్లో అలాగే గిన్నెలా ఉండిపోయాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

వరండాలో మెట్టు మీద నాగరాణి తల్లి రామమ్మ కూర్చుని ఉంది. బషీరాబాద్ దగ్గరి పల్లె. ఎనభై గొర్లను పెనిమిటికి అప్పజెప్పి వారం నుంచి ఇక్కడే ఉంటోంది.

"నువ్వే కట్టినవా గా తాడు?"

"నేనే కట్టిన సిస్టరమ్మ. మా మందదే ఉన్ని, నేను వడికిందే."

"గా ఉన్నిల ఎంత మురికి ఉంటదో ఎర్కనా నీకు? పెంట, మూత్రం..."

"ఉంటది." రామమ్మ ఒప్పుకుంది. ఒప్పుకుని, అరుణాదేవి చెయ్యి అందుకుంది. వెనక్కి లాక్కునేలోపు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. పొద్దున పాల చెంబు వాసన చూసే మనిషి తీరు. "నీ చేతులు పుల్లగ వాసన గొడ్తున్నయి."

"అది సబ్బు."

"సబ్బేనా? మా ఇంట్ల సబ్బు గిట్ల ఉండది." చెయ్యి వదిలేసింది. "నా మీద కోపం జేయకు. మా మందల పిల్లలు వరుసపెట్టి పోయినయనుకో, మేం తల్లులను తిట్టం. ముందుగాల నీళ్లు తాగే గోలెం బోర్లేస్తం."

"ఇది మంద కాదు. ఆస్పత్రి."

"కాదులే," అంది రామమ్మ, ఆమెను ఓదారుస్తున్నట్టు.

సాయంత్రం వికారాబాద్ వెళ్లే రైల్లో అరుణాదేవికి కిటికీ పక్కన సీటు దొరికింది. ఎప్పటిలాగే కడ్డీ పట్టుకోలేదు. ధారూరు దాటాక, ఎవరూ చూడకుండా చెయ్యి ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. ఏమీ లేదు. లేక ఉందా? మళ్లీ చూసింది. ఎదురుగా కూర్చున్న ముసలాయన ఆమె వంకే చూస్తున్నాడు. చెయ్యి ఒళ్లోకి దించుకుంది. అనుమానించడం ఆమె పని. దానికి ఆమె జీవితమంతా అలవాటు పడింది. కానీ దాన్ని ఇంకొకరు, అదీ చదువురాని ఒక ముసలమ్మ, తన చేతిలో పెట్టి పోవడం కొత్తగా ఉంది. కావాలనే అన్నది, అనుకుంది. పోగు తెంపినందుకు అన్నది. ఇంటికి చేరేలోపు రామమ్మ పేరు నోటుపుస్తకంలో రెండో వరుసలోకి చేరింది.

*

బుధవారం చెప్పాపెట్టకుండా వర్షిత వచ్చింది. వికారాబాద్‌లో క్రిముల పరీక్షలు చేసే డాక్టర్. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. డాక్టర్ మహిధర్ పిలిపించాడట. ఆ సంగతి తనకు ముందు చెప్పలేదని అరుణాదేవి గమనించింది.

వర్షిత పెట్టెలో ఇరవై గాజు గొట్టాలున్నాయి. ఒక్కొక్క దాంట్లో దూది చుట్టిన పుల్ల. సింకు అంచు, కుళాయి, తలుపు పిడి, బాక్సుల రంధ్రాలు, ఆక్సిజన్ నీళ్లు, పాలాడె గిన్నెలు, తూకం మిషను. ఒక్కొక్క చోట పుల్లతో రాసి, గొట్టంలో వేసి, మూత బిగించి పేరు రాసింది. తర్వాత చేతులు. పనిలో ఉన్నవాళ్లను ఉన్నపళంగా ఆపి రాసింది. ఇద్దరు నర్సులు, మార్త. మార్త చేతులు చాపి, బడిలో గోళ్లు చూపించే పిల్లలా నిలబడింది. నవ్వింది కూడా. ఆ నవ్వు ఎందుకో అరుణాదేవికి అర్థం కాలేదు.

ఒక్క గొట్టం మిగిలింది. వర్షిత నీలం మూత సీసా వైపు చూసింది.

"ఇదెవరు నింపుతారు మేడం?"

"నేనే. చావి నా దగ్గర్నే ఉంటది. అదొక్కటి అవసరం లేదు."

వర్షిత కొంచెంసేపు ఆమె మొహంలోకి చూసింది. "అయితే మీ చేతులివ్వండి. గొట్టం వేస్ట్ చేయడమెందుకు?"

అరుణాదేవి చేతులు చాపింది. దూది పుల్ల అరచేతి గీతల వెంట చల్లగా పోయింది. ఎవరైనా తన చేతుల్ని ఇంత దగ్గరగా చూసి ఎన్నాళ్లయిందో అనుకుంది.

ఆ మధ్యాహ్నమే దొరికింది. పాలగిన్నెల గది తలుపు సందు నుంచి చూస్తుండగా, మార్త సీసా నొక్కి, ముప్పై దాకా చేతులు కడిగింది. అటూ ఇటూ చూసింది. చీర కుచ్చిళ్ల దగ్గర దోపుకున్న చిన్న ప్లాస్టిక్ సబ్బు పెట్టె తీసి, అందులోని ముక్కతో మళ్లీ మొదటి నుంచి కడిగింది.

"ఏంది అది?"

మార్త ఉలిక్కిపడలేదు. సబ్బు చేతిలోనే ఉంది, నురగ మోచేతుల దాకా ఉంది. "సబ్బు సిస్టర్."

"ఇంటికెల్లి తెచ్చినవా?"

"తెచ్చిన."

"ఎన్ని దినాల సంది?"

"నెల అయితది. గా సీసాల సబ్బు జిగట పోతలేదు సిస్టర్. ఎంత కడిగినా జర జారుతున్నట్టే ఉంటది. పసిపిల్లలను పట్టుకునే చేతులాయె."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

మార్త కుళాయి కట్టేసింది. "మీకు ఎవలన్న చెప్తరా సిస్టర్?"

ఎగతాళి కాదు, కోపమూ కాదు. వేళ ఎంతయిందంటే చెప్పినట్టు చెప్పింది. అరుణాదేవి సబ్బు పెట్టె అందుకుంది. ఇంటి గూట్లో నుంచి, చీర మడతలో నుంచి, ఎన్ని చోట్ల తిరిగి ఈ గదిలోకి వచ్చిన ముక్క ఇది. ఇన్ని రోజులుగా తాను వెతుకుతున్నది ఇంత చిన్నదా? ఆమెకు సంతోషం లాంటిదేదో కలిగింది. అది సంతోషం కాదని తనకు తాను చెప్పుకుంది.

నాలుగు గంటలకు డాక్టర్ మహిధర్ మార్తను రేపటి నుంచి రావద్దన్నాడు. ఉత్తరం టైపు చేయిస్తానన్నాడు. మార్త ఆకుపచ్చ ఆప్రాన్ విప్పి, నాలుగు మడతలు పెట్టి, స్టూలు మీద పెట్టింది. పోయే ముందు సింకు దగ్గరికి వెళ్లి, ఒట్టి నీళ్లతో చేతులు కడుక్కుంది. ఇంటికి పోయే మనిషి చేతులెందుకు కడుగుతుంది? అరుణాదేవి అది కూడా రాసుకుంది.

*

గురువారం, శుక్రవారం గది తేలికగా ఉంది. వరండాలో కూర్చున్నవాళ్లకు ఆయాను తీసేశారని తెలిసిపోయింది. వాళ్ల భయానికి ఒక పేరు దొరికింది. "గామె చేతుల్లకెల్లనేనట," అని ఒకరికొకరు చెప్పుకున్నారు. డాక్టర్ మహిధర్ మొహంలో రక్తం తిరిగింది. నాగరాణి కూతురికి కొత్త మందు ఎక్కుతోంది. ఒంటి రంగు ఇంకా బూడిదలానే ఉంది.

రామమ్మ మాత్రం ఆ మాటల్లో కలవలేదు. అరుణాదేవి దాటిపోతుంటే చూసింది, అంతే. మార్త తనకు పొద్దున టీ తెచ్చి ఇచ్చేదని ఎవరితోనో అంటుండగా అరుణాదేవి విన్నది.

శనివారం పొద్దున ఐదో బాక్సులో పాపకు ఒళ్లు చల్లబడింది. బుధవారం రాత్రి పుట్టిన పాప. పాలు మింగడం లేదు. పొట్ట మీద వేలితో తట్టగానే డప్పులా బిగుతుగా ఉందని తెలిసింది.

బుధవారం రాత్రి. మార్త నాలుగింటికే వెళ్లిపోయింది.

అరుణాదేవి బాక్సు పక్కన నిలబడి లెక్క సరిచేసుకోవాలని చూసింది. మార్త ఆ బాక్సును మధ్యాహ్నం తుడిచి ఉంటుంది. తుడిచిన గుడ్డ ఎక్కడిది? రాత్రి నర్సుకు మార్తతో స్నేహం ఉంది. రామమ్మ తలుపు దాకా వచ్చి ఉంటుంది. పేర్లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి, పిలవకుండానే, ఎప్పటిలాగే. కానీ ఈసారి ఏ పేరూ నిలబడలేదు. పెన్ను మూత తీసి, కాసేపు అలాగే పట్టుకుని, మళ్లీ పెట్టేసింది.

పదకొండింటికి వికారాబాద్ నుంచి కాగితం వచ్చింది. బాధ్యత ఆమెది కాబట్టి మొదట ఆమె చేతికే ఇచ్చారు.

ఇరవై వరుసలు. సింకు అంచు, లేదు. తలుపు పిడి, లేదు. ఆక్సిజన్ నీళ్లు, లేదు. పదహారు వరుసల దాకా లేదు. తర్వాత చేతులు నాలుగు జతలు. ఇద్దరు నర్సుల చేతుల్లో ఉంది. మార్త చేతుల్లో లేదు. ఇరవయ్యో వరుసలో అరుణాదేవి అని ఉంది. ఎదురుగా, ఉంది. పిల్లల రక్తంలో దొరికినదే. అదే పన్నెండు మందులకు లొంగనిది.

ఆమె కాగితాన్ని రెండుసార్లు చదవలేదు. తనకు చేతులు ఉన్నాయన్న సంగతి మాత్రం తెలుస్తూ ఉంది, బరువుగా.

సీసాతో కడిగినవాళ్లు ముగ్గురు. సీసాతో కడిగి, దాన్ని మళ్లీ కడుక్కున్నది ఒక్క మార్త.

సింకు దగ్గరికి వెళ్లి సీసా మూత విప్పింది. ఎప్పుడూ పోయడానికే విప్పింది. చూడడానికి విప్పడం ఇదే మొదలు. ముక్కు దగ్గర పెట్టుకుంది. పైన నిమ్మ వాసన. దాని కింద, లోతుగా, రెండు రోజుల కుడితి వాసన. వెలుతురుకు ఎత్తి వంచి చూసింది. అడుగున, పోయిన ఏప్రిల్ నుంచి ఒక్కసారీ గాలి సోకని చోట, గోలెంలో పట్టే పాకురులా పల్చటి పొర. సీసా కదిలిస్తే కదిలింది.

గదిలో మానిటర్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. నర్సులు అటు తిరిగి ఉన్నారు. కుళాయి తిప్పింది. నీళ్లు పడుతున్నాయి. ఒక్క నిమిషం పని. సీసా ఖాళీ చేసి, వేడినీళ్లతో కడిగి, ఎండబెట్టి, కొత్త సబ్బు పోస్తే చాలు. పిల్లలకు కావలసిందీ అదే. ఆ తర్వాత ఎవరు ఎన్ని పుల్లలతో రాసినా ఏమీ దొరకదు. మార్త ఎలాగూ వెళ్లిపోయింది.

కిష్టప్ప గుర్తొచ్చాడు. కొడుకును మొదటిసారి గుడ్డలో చుట్టి చేతికిచ్చిన రోజు, చుట్టే ముందు తాను అతని ఎదురుగానే చేతులు కడుక్కుంది, ముప్పై దాకా, సీసా రెండుసార్లు నొక్కి. అతను వంగి దండం పెట్టి, సగం కన్నడంలో, "నిమ్మ... మీ చేతులు చల్లగుండాలె తల్లీ," అన్నాడు.

కుళాయి కట్టేసింది. మూత బిగించి, నర్సుల్ని పిలిచి, తలుపు దగ్గరి స్పిరిట్ మందు ప్రతి బాక్సు దగ్గరా పెట్టమంది. సబ్బు మళ్లీ చెప్పేదాకా ముట్టుకోవద్దంది. సీసాను కవరులో పెట్టుకుని కిందికి దిగింది.

డాక్టర్ మహిధర్ కాగితం చదివి, కళ్లజోడు తీశాడు. బల్ల మీద మార్త ఉత్తరం టైపు అయి ఉంది, సంతకం ఒక్కటే తక్కువ.

"ఆ పూట మార్త గట్టిగ కడుక్కుని ఉంటది సిస్టర్. ఒక్క రోజు చేతులు ఏం చెప్తయి?" అతను కాగితాన్ని సొరుగులోకి జరిపాడు. "ఇది ఇక్కడ ఉండనియ్యండి. మీరు సబ్బు మార్చండి, చాలు. ఆయాను తీసేసినమని అందరికీ చెప్పినం. వాళ్లు నెమ్మదించిన్రు. ఇప్పుడు మళ్ల ఇంకోటి చెప్తే ఎవరూ మన గడప తొక్కరు."

అతను కాపాడుతున్నది ఆమెనా, ఆస్పత్రినా, తనను తానా? ఇంకో రోజైతే ఆ ప్రశ్నతో ఆమె సాయంత్రం రైలంతా గడిపేది. ఇప్పుడు కవరులోంచి సీసా తీసి ఆ ఉత్తరం మీద పెట్టింది. సీసా అడుగు తడి, కాగితం మీద గుండ్రంగా దిగింది.

"ఇది వికారాబాద్ పంపుండ్రి సార్. ఆ అమ్మాయి అడిగింది. నేనే వద్దన్న."

"సిస్టర్..."

"కిష్టప్ప నంబరు మన రిజిస్టర్ల ఉన్నది. నేను మాట్లాడుత."

*

మెట్టు మీద రామమ్మ మొక్కజొన్న గింజలు నములుతోంది. అరుణాదేవి ఆమె పక్కన కూర్చుంది. పదకొండేళ్లలో ఆ మెట్టు మీద ఆమె కూర్చోలేదు. నాగరాణిని కూడా పిలిపించింది.

"గోలెం దొరికింది," అంది.

రామమ్మ నమలడం ఆపింది. "ఎవలది?"

"నాదే."

ఆ తర్వాత మొత్తం చెప్పింది, సీసా సంగతి, కాచిన నీళ్ల సంగతి, మార్త సబ్బు సంగతి. నాగరాణి లేచి గోడవైపు తిరిగింది. ఆమె భుజాలు కదిలాయి. రామమ్మ ఒళ్లోని గింజలు కొంగున మూటగట్టుకుంది. ఆమె అరుస్తుందని అరుణాదేవి ఎదురుచూసింది, అరిస్తే బాగుండుననిపించింది.

"నా మనుమరాలు బతుకుతదా?"

"తెల్వదు. మందు పట్టుకుంటున్నది."

"బోర్లెయ్యి మరి," అంది రామమ్మ. "ఇంకా గీడ కూసున్నవేంది?"

*

సోమవారం మార్త వచ్చింది. ఆదివారం అరుణాదేవి బండల యూనిట్ల వెనక ఉన్న ఆమె ఇంటికి వెళ్లి గుమ్మంలో నిలబడి ఏం మాట్లాడిందో ఇద్దరిలో ఎవరూ తర్వాత ఎవరికీ చెప్పలేదు. మార్త కూర్చోమని మాత్రం అనలేదు.

సింకు దగ్గర ఇప్పుడు సీసా లేదు. వర్షిత చెప్పిన ప్రకారం ఒక్కసారి వాడి పారేసే చిన్న సబ్బు పొట్లాలు, పక్కన మోచేత్తో నొక్కే స్పిరిట్ మందు. లోపల ఐదో బాక్సు పాప ఇంకా గొట్టాలతోనే ఉంది. నాగరాణి కూతురు పొద్దున పాలాడె అంచును నాలుకతో తడిమింది. రెండు గుటకలు. మూడోది కారిపోయింది.

ఆ పాపను తల్లి ఒళ్లో పెట్టాలి. అరుణాదేవి పొట్లం చింపి కడగడం మొదలుపెట్టింది. అరచేతులు, వేళ్ల సందులు, బొటనవేళ్లు. అద్దం అవతల ఆకుపచ్చ ఆప్రాన్ కట్టుకుంటూ మార్త నిలబడి ఉంది. ఆమె పెదవులు సన్నగా కదులుతున్నాయి. లెక్కపెడుతోంది. ఆ చూపు అరుణాదేవికి బాగా తెలుసు. ఇన్నాళ్లూ లోపలి నుంచి తెలుసు. బయటి నుంచి ఎలా ఉంటుందో ఇప్పుడు చూసింది.

ముప్పై దాకా వచ్చింది. చేతులు ఎత్తి పట్టుకుని, మోచేత్తో తలుపు తోయబోయింది.

"ఇంకోపాలి, సిస్టర్," అంది మార్త.

అరుణాదేవి వెనక్కి తిరిగి కుళాయి తిప్పింది.